కూస్తోందా?

మా పెదనాన్నకి చెవుడేమీ లేదు. పక్కగదిలో చిన్న స్క్రూ జారిపడినా "ఏం పడిందిరా అక్కడ?" అని కూర్చున్నచోటి నుంచే అడిగేవాడు. ఒక్క శబ్దం మాత్రం ఆయనకి వినపడేది కాదు. ఏళ్లతరబడి టీవీలు బాగుచేసిన మనిషికి టీవీ కూతే వినపడదంటే నవ్వొస్తుంది గానీ, అందువల్లే నాకు ఆయన బల్ల దగ్గర ఉద్యోగం దొరికింది. అప్పుడు నాకు పదేళ్లు.

"ఒరేయ్, ఇలా రా. కూస్తోందా?"

అదే నా ఉద్యోగం. పరిగెత్తుకెళ్లి, వెనక అట్ట విప్పేసిన సెట్టు పక్కన తల వంచి, ఊపిరి బిగబట్టి వినాలి. ఉందనో లేదనో చెప్పాలి. చెప్పగానే మళ్లీ ఆటకి పోవచ్చు.

పిక్చర్ ట్యూబు టీవీలున్న ఇళ్లలో పెరిగినవాళ్లకి ఆ కూత గుర్తుండే ఉంటుంది. సౌండ్ మొత్తం తగ్గించేసినా, తలుపు మూసేసినా, అవతలి గదిలో టీవీ వేసి ఉందని ఇట్టే తెలిసిపోయేది. కీచురాయి గొంతుని దారంలా సాగదీసినట్టు ఉండేది. బొమ్మకి 625 గీతలు, సెకనుకి 25 బొమ్మలు. గుణిస్తే 15,625. సెకనుకి అన్నిసార్లు ఎలక్ట్రాన్ల ధార తెర మీద ఈ అంచు నుంచి ఆ అంచుకి వెళ్లి వెనక్కి రావాలి. ఆ పరుగు పెట్టించే ట్రాన్స్‌ఫార్మర్‌లో మధ్యనుండే కోరూ, దాని మీది తీగచుట్లూ అదే లెక్కన సన్నగా వణుకుతాయి. మనకి వినపడేది ఆ వణుకే. వయసు వస్తున్నకొద్దీ చెవి మొదట వదులుకునేది ఇలాంటి సన్నటి శబ్దాలనే. బ్రిటన్‌లో 1936లో మొదలై 1985 దాకా నడిచిన 405 గీతల పద్ధతిలో ఈ లెక్క 10,125 మాత్రమే. ఆ సెట్లైతే పెదనాన్నకి నా అవసరం ఉండేది కాదేమో.

కూత ఉందో లేదో తెలియడం ఎందుకంత ముఖ్యమంటే, వాల్వు సెట్టులో, అంటే ట్రాన్సిస్టర్ల బదులు గాజుబుడ్లతో నడిచే సెట్టులో, ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ని నడిపే లైన్ అవుట్‌పుట్ వాల్వు ఒకటుంటుంది. పీఎల్ 36 గానీ, పీఎల్ 504 గానీ. నెత్తిన టోపీలాంటి క్యాప్, దాంట్లోకి లావుపాటి వైరు. వెనక ఆ 15,625 లెక్కని పుట్టించే ఆసిలేటర్ నుంచి దానికి సిగ్నల్ అందుతున్నంతసేపూ బుద్ధిగా ఉంటుంది. సిగ్నల్ ఆగిపోయిందా, అడ్డూ అదుపూ లేకుండా కరెంటు లాగేస్తుంది. లోపలి ప్లేటు ముందు ముదురు ఎరుపు, ఆ తర్వాత నిప్పుకణికలా. అలా రెండు మూడు నిమిషాలు వదిలేస్తే వాల్వు పోతుంది, ఒక్కోసారి ట్రాన్స్‌ఫార్మర్‌ని కూడా వెంట తీసుకుపోతుంది. అందుకని స్విచ్చి వేశాక తొలి అరనిమిషం పెదనాన్న కళ్లు వాల్వు మీద, నా చెవులు ట్రాన్స్‌ఫార్మర్ మీద. నేను "కూస్తోంది" అంటే సిగ్నల్ అందుతున్నట్టు, తప్పు ముందుకెక్కడో ఉన్నట్టు. "లేదు" అంటే టక్కున కట్టేసి ఆసిలేటర్ మీద పడేవాడు.

ఒకసారి నన్ను పిలవకుండానే తనే "ఆఁ, కూస్తోంది, కూస్తోంది" అని సంబరపడ్డాడు. వెంటనే ముఖం మారిపోయింది. "నాకే వినపడుతోందంటే ఇది కిందికి జారిపోయిందిరా" అన్నాడు. నిజమే, ఆసిలేటర్ అసలు వేగం కన్నా బాగా తక్కువలో తిరుగుతోంది. తన చెవిటితనాన్ని కొలబద్దగా వాడుకున్న మెకానిక్‌ని ఆయన్ని తప్ప ఇంకెవర్నీ చూడలేదు నేను.

ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ని కొందరు ఎల్‌ఓటీ అంటారు, కొందరు ఈహెచ్‌టీ అంటారు, కొందరు ఫ్లైబ్యాక్ అంటారు. పెదనాన్న మూడూ వాడేవాడు, కోపమొస్తే నాలుగోది కూడా. అదెలా పనిచేస్తుందో నాకు కొరడాతో చెప్పాడు. "కొరడాని నెమ్మదిగా ముందుకి విసురు, ఏమీ ఉండదు. చటుక్కున వెనక్కి లాగు, చివర ఛెళ్లుమంటుంది." ఒక గీతకి ఉన్న సమయం 64 మైక్రోసెకన్లు. అందులో చాలా భాగం ధార నెమ్మదిగా కుడివైపుకి వెళ్లడానికే సరిపోతుంది. తిరిగి మొదటికి రావడానికి సుమారు 12 మైక్రోసెకన్లే. ఆ చటుక్కున లాగడంలో ట్రాన్స్‌ఫార్మర్‌లో ప్రవాహం తలకిందులవుతుంది, వేల వోల్టులు ఎగదన్నుతాయి. దాన్నే పైచుట్టలో ఇంకా పెంచి, కరెంటుని ఒకే దిక్కుకి పోనిచ్చే డీవై 86 లాంటి చిన్న రెక్టిఫయర్ వాల్వు గుండా పిక్చర్ ట్యూబుకి పంపిస్తారు. బ్లాక్ అండ్ వైట్ సెట్టులో పదహారు వేల వోల్టుల దాకా ఉంటుంది. వెనక్కి వచ్చే దారిలో వృథాగా పోవాల్సిన శక్తిని ఇలా పట్టి వాడుకోవాలని మొదట ఎవరికి తట్టిందో గానీ, దండం పెట్టాలి.

ఆ పదహారు వేలూ నాకు ఒకసారి స్వయంగా పరిచయమయ్యాయి. పిక్చర్ ట్యూబు గాజుకి లోపలా బయటా గ్రాఫైట్ పూత ఉంటుంది. మధ్యలో గాజు. అంటే ట్యూబే ఒక పెద్ద కెపాసిటర్ అన్నమాట. ప్లగ్గు పీకేసి ఎంతసేపైనా అందులో ఛార్జీ అలాగే కూర్చుని ఉంటుంది, రోజుల తరబడి కూడా. పెదనాన్న స్క్రూ డ్రైవరుకి వైరు కట్టి, రెండో కొస చాసిస్‌కి, అంటే సెట్టు లోపలి లోహపు చట్రానికి తగిలించి, ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని, ట్యూబుకి వోల్టేజీ వెళ్లే చోట ఉండే రబ్బరు క్యాప్ కిందికి మొన దూర్చేవాడు. ఠప్‌మనేది. ఒకసారి కాదు, కాసేపాగి మళ్లీ. రెండోసారి కూడా చిన్నగా చిటుక్కుమనేది. ఆ రెండోసారి ఎందుకో నాకప్పుడు తెలియదు. మొదటి ఠప్ అయిపోయింది కదా అని వేలు పెట్టాను. షాక్ కన్నా, చెయ్యి ఎగిరిపడి క్యాబినెట్ అంచుకి కొట్టుకున్న దెబ్బ ఎక్కువ. మోచేతి కింద గాటు ఇప్పటికీ ఉంది. పెదనాన్న తిట్టలేదు. "రెండో చెయ్యి ఎక్కడ పెట్టావ్?" అన్నాడు. బల్ల మీద పెట్టాను అన్నాను. "చాసిస్ మీద పెట్టుంటే?" అని ఊరుకున్నాడు. అప్పట్నుంచి ఎడమ చెయ్యి జేబులోనే.

పెదనాన్న పోయాక ఆయన సొంత సెట్టు మా అటక మీదికి చేరింది. చెక్క క్యాబినెట్, ముందు జరిపే తలుపులు, నాలుగు కాళ్లు. ఏళ్లపాటు దాన్ని దింపుతాననే అన్నాను. రిటైరయ్యాక ఇంట్లోవాళ్లే "దింపుతావా, తీసేయమంటావా?" అని అడిగారు. దింపాను.

మొదటి నెల్లాళ్లూ చేసింది చెప్పుకోదగ్గ పని కాదు. దుమ్ము దులపడం, లీకయ్యే పాత పేపర్ కెపాసిటర్లు మార్చడం, వాల్వు కాళ్లు శుభ్రం చేయడం. ముఖ్యంగా లైన్ అవుట్‌పుట్ వాల్వులో సిగ్నల్ అందుకునే గ్రిడ్‌కి వెళ్లే కెపాసిటర్ ఒకటీ, బూస్ట్ కెపాసిటర్ ఒకటీ. ఇవి మార్చకుండా ఏ పాత సెట్టుకీ స్విచ్చి వేయకూడదు. సెట్టుని మెయిన్స్ నుంచి విడిగా ఉంచే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా తప్పనిసరి. ఈ రకం సెట్లలో చాలావాటికి మెయిన్స్ వైరు ఒకటి తిన్నగా చాసిస్‌కే ఉంటుంది.

వేరియాక్‌తో వోల్టేజీ మెల్లగా పెంచాను. వాల్వులు వెలిగాయి. స్పీకర్లో బుస్సుమంది. తెర మాత్రం చీకటి. ఇరవై సెకన్లలో అవుట్‌పుట్ వాల్వు ప్లేటు ఎర్రబడింది. కట్టేశాను. రెక్టిఫయర్ క్యాప్ తీసి మళ్లీ చూశాను, అప్పుడూ ఎర్రబడింది. అంటే లోపం రెక్టిఫయర్‌దీ ట్యూబుదీ కాదు. సిగ్నల్‌ని అలలా తెర మీద చూపించే ఆసిలోస్కోప్ పెడితే గ్రిడ్ దగ్గర సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంది. ఇక మిగిలింది ట్రాన్స్‌ఫార్మర్. కొత్తది కొందామంటే ఈ మోడల్‌ది ఎక్కడా దొరకదు.

రింగ్ టెస్ట్ అని ఒకటుంది. ట్రాన్స్‌ఫార్మర్‌ని సెట్టు నుంచి విడదీసి, ఒక చిన్న పల్స్ కొట్టి, స్కోప్‌లో చూడాలి. బాగున్నది గంటలా మోగుతుంది, అల మీద అల పది పన్నెండు దాకా వచ్చి నెమ్మదిగా చల్లారుతుంది. ఎక్కడైనా ఒక్క చుట్టు పక్కచుట్టుతో కలిసిపోయినా పగిలిన గంటే, టక్కుమని ఆగిపోతుంది. నాది మూడు అలలకే పడుకుంది.

పైచుట్ట చుట్టకుదురులా ఉంటుంది. వెంట్రుకంత తీగ, అడ్డదిడ్డంగా అల్లినట్టు వెయ్యికి పైగా చుట్లు, దాని మీద మైనం పోత. దశాబ్దాలు గడిస్తే ఆ మైనం బీటలువారుతుంది, బీటల్లోకి తేమ చేరుతుంది. నా దాని మైనం గోధుమరంగు నుంచి నల్లగా మారింది, ఒక పక్కన గోరుతో గీసినంత సన్నటి నల్లచార. కరెంటు దారి చేసుకున్న చోట మిగిలే బొగ్గు అది. బొగ్గులో కరెంటు పారుతుంది కాబట్టి ఒక్కసారి పడిందంటే అది పెరగడమే తప్ప తగ్గడం ఉండదు.

ఫెర్రైట్ కోర్ రెండు ముక్కలు. క్లాంప్ స్క్రూలు వదులుచేసి, ప్రాణం అరచేత పట్టుకుని విడదీశాను. గాజులా పగిలే రకం అది, పగిలితే కథ అయిపోయినట్టే. రెండు ముక్కల మధ్య కాగితం ఉంటుంది, కోర్ నిండిపోకుండా వదిలే సందు అది. కాగితం కొంచెం మందమైనా, పలచనైనా బొమ్మ వెడల్పు దగ్గర్నుంచి అన్నీ తేడా వస్తాయి. మైక్రోమీటర్‌తో కొలుద్దామని కాగితాన్ని పట్టకారుతో తీసి లైటు కింద పెట్టాను. కంపెనీ కాగితం కాదు. నీలం గీతలున్న నోటుబుక్కు కాగితం. సగానికి తెగిన అంకెలు, నాలుగు, ఏడు, మళ్లీ ఏడు. ఏడుకి నడుం మీద అడ్డగీత పెట్టడం నాకు అప్పట్నుంచీ ఉన్న అలవాటు. క్లాసు మారగానే నా పాత నోటుబుక్కులన్నీ చిత్తుకాగితాల కింద పెదనాన్న సొరుగులో చేరేవి మరి.

అంటే ఈ ట్రాన్స్‌ఫార్మర్‌ని ఆయన ఇదివరకే ఒకసారి విప్పాడు.

ఆ సంగతి తెలిశాక మైనం కరిగించడం మొదలుపెట్టాను. హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెడుతూ, చెక్కపుల్లతో గీరుతూ. నల్లచార ఎక్కడికి పోతుందో దాని వెంటే వెళ్లాను. పైచుట్ట చివరి తీగ, రెక్టిఫయర్ వైపు వెళ్లే వైరుతో కలిసే అతుకు దగ్గరికి చేరింది. లెన్సు పెట్టి చూశాను. సోల్డర్ మొన తేలి ఉంది, ముల్లులా.

ఈ ఒక్క విషయంలో పెదనాన్న మహా కచ్చితం. వేల వోల్టులుండే చోట మొనదేలిన అతుకు ఉండకూడదు. మొన దగ్గర గాలి నీలంగా మెరుస్తుంది, బుస్సుమంటుంది, ఓజోన్ వాసన వస్తుంది, నెమ్మదిగా చుట్టూ ఉన్నదాన్ని తినేస్తుంది. "ముత్యంలా ఉండాలి" అనేవాడు. నేను పెట్టిన అతుకుని వేలితో తడిమి, గుచ్చుకుంటే మళ్లీ చేయించేవాడు. మూడుసార్లు, నాలుగుసార్లు. అలాంటి మనిషి అతుకు ఇది. ఇంకెవరైనా పెట్టారేమో అని చాలాసేపు ఆలోచించాను. కాగితం ఆయనదే, మైనంలో తేనెమైనం కలిపే పద్ధతీ ఆయనదే. చివరి రోజుల్లో ఆయన కళ్లద్దాలు మార్చమంటే మార్చేవాడు కాదు. చెవికి నేనున్నాను గానీ, కంటికి అప్పుడు పక్కన ఎవరూ లేరు. నేను వేరే ఊళ్లో ఉద్యోగంలో ఉన్నాను.

సరే. అతుకు కోసేసి, కొస పట్టుకుని తీగ విప్పడం మొదలుపెట్టాను. మొత్తం చుట్టని మళ్లీ చుట్టాలంటే అల్లిక పద్ధతిలో చుట్టే యంత్రం కావాలి, అది నా దగ్గర లేదు. నా ఆశల్లా పాడైనవి పైన ఉన్న చుట్లే అయి ఉండాలని. ఒక్కో చుట్టూ మైనంలోంచి సన్నగా చిటచిటమంటూ ఊడివస్తోంది, మాడిన చోట ఎనామిల్ రాలి రాగి నల్లగా కనపడుతోంది. పది చుట్లు విప్పి, కోర్ మళ్లీ కలిపి, రింగ్ టెస్ట్. మూడే. ఇంకో పది. నాలుగు. నాలుగా, మూడున్నరా అని నాకే అనుమానం. ఇంకో పది విప్పేసరికి ఆరు. అప్పుడు భోజనానికి పిలిచినా వినపడనట్టు కూర్చున్నాను. ముప్ఫై ఎనిమిదో చుట్టు దగ్గర తీగ శుభ్రంగా, ఎర్రగా వచ్చింది. స్కోప్‌లో అలలు ఒకదాని వెనక ఒకటి తెర సగం దాకా వెళ్లాయి. లెక్కపెడితే పదకొండు. వెయ్యికి పైన ఉన్న చుట్లలో ముప్ఫై ఎనిమిది పోతే వోల్టేజీ కాస్త తగ్గుతుందంతే, బొమ్మ చూసేవాడికి తెలియదు.

తర్వాత మైనం. ముందు చుట్టని ఓ పూట వెచ్చగా ఉంచి తేమంతా పోగొట్టాను. ఈ రోజుల్లో చాలామంది సిలికోన్ పూస్తున్నారు, తప్పులేదు, కానీ వెనిగర్ వాసన వచ్చే రకం మాత్రం దగ్గరికి రానివ్వకూడదు, రాగిని తినేస్తుంది. నేను పాత పద్ధతికే పోయాను. వట్టి పారఫిన్ మైనమైతే చల్లారేటప్పుడు ముడుచుకుని పగుళ్లిస్తుంది, అందుకని తేనెమైనం కలపాలి. మంట మీద నేరుగా పెట్టకుండా వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించాలి. చుట్టని అందులో ముంచగానే సన్నటి బుడగలు దండలు దండలుగా పైకి వచ్చాయి. తీగల మధ్య ఇరుక్కున్న గాలి అదంతా. ఆ గాలి లోపల మిగిలిపోతే మళ్లీ నీలం మెరుపులు అక్కడే మొదలవుతాయి. బుడగలు తగ్గుతున్నాయి, ఆగాయి అనుకుంటే ఇంకొకటి. చివరి బుడగ వచ్చాక కూడా ఓ పావుగంట ఉంచి, తీసి, గిన్నె మూతపెట్టి నెమ్మదిగా చల్లారనిచ్చాను.

అతుకు మళ్లీ పెట్టాను. ముత్యంలా వచ్చేదాకా ఐదుసార్లు పట్టింది. నా కళ్లు కూడా అంతంతమాత్రమే. కోర్ మధ్య ఆ నోటుబుక్కు కాగితాన్నే తిరిగి పెట్టాను. మందం సరిగ్గా ఉంది మరి. రెక్టిఫయర్ వాల్వు ఫిలమెంటుకి కావాల్సింది 1.4 వోల్టులే, దానికోసం కోర్ చుట్టూ తిప్పిన ఒంటిచుట్టు వైరు ఇన్సులేషన్ పెళుసైపోయిందని కొత్తది వేశాను.

ఆ ఆదివారం సాయంత్రం గదిలో లైటు తీసేసి స్విచ్చి వేశాను. వేరియాక్ మెల్లగా పైకి. ప్లేటు ఎర్రబడలేదు. చీకట్లో ఎక్కడా నీలం మెరుపు లేదు, బుస్సు లేదు, ఓజోన్ వాసన లేదు. రెక్టిఫయర్ లోపల ఫిలమెంటు చిన్న నారింజరంగు చుక్కలా వెలిగింది. తర్వాత తెర మధ్యలోంచి బూడిదరంగు వెలుగు విచ్చుకుని నాలుగు మూలలకీ పాకింది. గీతలు, గీతలు, గీతలు. స్కోప్ ప్రోబు, ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ ఉండే లోహపు కేజ్‌కి జానెడు దూరంలో వేలాడదీస్తే అల చక్కగా కనపడుతోంది.

అన్నీ ఉన్నాయి. కూత లేదు.

తల వంచి, ఊపిరి బిగబట్టి విన్నాను. కుడి చెవి పెట్టాను, ఎడమ చెవి పెట్టాను. కోర్ క్లాంప్ మరీ బిగించానా, మైనం మరీ గట్టిగా పట్టేసిందా అని బుర్ర రకరకాలుగా పోయింది. అంతలో హాల్లో బొమ్మలేసుకుంటున్న మా మనవరాలు రెండు చెవులూ మూసుకుని గుమ్మంలోకి వచ్చింది.

"తాతయ్యా, ఏంటా శబ్దం? చెవిలో గుచ్చుతోంది."

"ఏ శబ్దం?"

"సన్నగా... ఈఈఈ అని. నీకు వినపడట్లేదా?"

కట్టేశాను. "ఇప్పుడు?"

"ఆగిపోయింది."

మళ్లీ వేశాను. తెర ఇంకా వెలగకముందే చెవుల మీదికి చేతులు పోయాయి.

"కూస్తోందా?" అన్నాను.

"కూయడమేంటి తాతయ్యా, ఇదేమన్నా కోడా?"

స్టూలు చూపించి కూర్చోమన్నాను. వెనక లైన్ హోల్డ్ నాబ్ ఉంటుంది, ఆసిలేటర్ వేగం మార్చేది. దాన్ని ఒక పక్కకి పూర్తిగా తిప్పేశాను. తెర మీద గీతలు ఏటవాలుగా చీలిపోయాయి. నాకేమీ వినపడలేదు.

"ఇప్పుడెలా ఉంది?"

"కొంచెం లావైంది."

నాబ్ వెనక్కి తిప్పాను.

"ఇప్పుడు?"

"ఇంకొంచెం... ఇంకొంచెం తిప్పు తాతయ్యా. ఆఁ. ఇందాకటిలాగా ఉంది."